చెవి మడతలో దూది

అత్తరు దూది పెట్టుకునే చోటు చెవి రంధ్రం కాదు. చెవి పైభాగాన, బయటి అంచుకీ లోపలి మడతకీ నడుమ సన్నని గాడి ఒకటి ఉంటుంది. మినపగింజంత దూదిని రెండు వేళ్ల మధ్య ఉండ చేసి, సీసా మూతకి ఉండే గాజు పుల్లతో ఒక్క చుక్క అద్ది, ఆ గాడిలో నొక్కేవారు మన పెద్దవాళ్లు. పొద్దున పెడితే రాత్రి పడుకునే దాకా ఉండేది. ఒంటి వేడికి కొంచెం కొంచెంగా ఆవిరవుతూ, తల తిప్పినప్పుడల్లా పక్కన కూర్చున్నవాళ్లకి తెలిసేది. రాత్రయ్యాక ఆ దూదిని పారేసేవారు కాదు. కాగితంలో చుట్టి ట్రంకుపెట్టెలో బట్టల మధ్య పెట్టేవారు. నూనె మరక అంటుతుందని పట్టుబట్టకి నేరుగా తగలనిచ్చేవారు కాదు.

నెల రోజుల తర్వాత ఆ పెట్టె మూత ఎత్తితే వచ్చే వాసన ఒకటి, సీసా మూత తీయగానే గుప్పుమనే వాసన ఇంకొకటి. మనలో చాలామందికి ఏళ్ల తరబడి గుర్తుండిపోయింది పెట్టెలోదే. ఇవాళ అత్తరు దుకాణానికి వెళ్లి నాలుగు సీసాలు చూసి "అప్పటి వాసన రావడం లేదండీ" అని ఉత్తచేతుల్తో తిరిగొచ్చేవాళ్లు వెతికేదీ దాన్నే. పువ్వు వాసన ఎప్పుడో వెళ్లిపోయాక దూదిలో మిగిలిన గంధపు నూనె వాసన అది.

పెళ్లిపందిరి గుమ్మంలో వెండి బుడ్డితో చల్లే పన్నీరు వేరు, అత్తరు వేరు. కానీ రెండూ పూలు మరిగించి ఆవిరి పట్టే ఒకే బట్టీలో పుట్టిన తోబుట్టువులు. గులాబీ రేకుల్లో ఉండే ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ అనే వాసనపదార్థం నీళ్లలో బాగా కరుగుతుంది, అందుకే పన్నీరుకి ఆ తియ్యదనం. సిట్రొనెల్లాల్, జెరానియాల్ లాంటివి నూనె వైపు చేరతాయి. పన్నీరు చల్లగా మొహాన తగిలి పది నిమిషాల్లో ఆరిపోతుంది. అత్తరు అప్పటికి ఇంకా మొదలే అయి ఉంటుంది.

ఊళ్లోకి అత్తరు సాయిబు వచ్చే రోజుల్లో ఆయన చెక్కపెట్టెలో గడులు, గడికో చిన్న సీసా ఉండేవి. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ముంజేతి మీద గాజు పుల్లతో గీత గీసేవాడు. కొలత తులాల్లో. తులం అంటే 11.66 గ్రాములు. ఇప్పటికీ హైదరాబాద్ పత్తర్‌గట్టీలో 12 మి.లీ. సీసాని తులం అనీ, 3 మి.లీ. సీసాని పావుతులం అనీ అంటారు.

మంచి సరుకు అంటే ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌దే. అక్కడి పద్ధతి పేరు డేగ్-భప్కా. మట్టి పొయ్యి మీద రాగి డేగ్ ఉంటుంది. మన డేగిసా అన్న మాట పుట్టింది దీన్నుంచే. తెల్లవారుజామున ఎండ పడకముందు కోసిన గులాబీలు అందులో వేసి, మునిగేన్ని నీళ్లు పోస్తారు. మూత చుట్టూ బంకమట్టి, దూది కలిపి పిసికిన ముద్ద మెత్తి, పైన ఇనప పట్టీ బిగిస్తారు. మూత కన్నంలోంచి వెదురు గొట్టం బయటికి వస్తుంది. దాన్ని చోంగా అంటారు. వేడి జారిపోకుండా గొట్టం పొడుగునా గడ్డితాడు చుట్టి ఉంటుంది. గొట్టం రెండో కొస పొడుగు మెడ ఉన్న రాగి కూజాలోకి దిగుతుంది. అదే భప్కా. అది నీళ్ల తొట్టిలో కూర్చుని ఉంటుంది, దాని కడుపులో ముందే పోసి ఉంచిన గంధపు నూనె ఉంటుంది.

డేగ్‌లోంచి వచ్చిన ఆవిరి భప్కాలో చల్లబడి నీరవుతుంది. ఆవిరితో వచ్చిన పూల నూనెని గంధం పట్టేసుకుంటుంది. గంధపు నూనె సాంద్రత 0.97 ప్రాంతంలో ఉంటుంది, అంటే నీళ్లకంటే పిసరంత తేలిక. రాత్రంతా కదపకుండా ఉంచితే నూనె పైకి తేలి నీళ్లు అడుగున నిలుస్తాయి. పొద్దున్నే అడుగు కన్నం బిరడా తీసి నీళ్లు వదిలేస్తారు. ఆ నీళ్లలోనూ వాసన మిగిలే ఉంటుంది కాబట్టి వాటినే మళ్లీ డేగ్‌లో పోసి కొత్త పూలు వేస్తారు. ఇలా రోజు వెంట రోజు, సరుకుని బట్టి పది పదిహేను రోజులైనా, ఒకే గంధపు నూనెకి పూలు తాగిస్తారు. గులాబీ అత్తరు సీసాలో కనిపించేది ఒక్క పూట పూలు కాదు, ఒక ఋతువులో చాలా భాగం.

ఈ పనిలో థర్మామీటరు లేదు. పనివాడు భప్కా మెడని అరచేత్తో తడిమి చూస్తాడు, గొట్టంలో ఆవిరి చప్పుడు వింటాడు. మంట ఎక్కువైతే రేకులు అడుగంటుతాయి. ఆ మాడు వాసన ఒకసారి గంధంలోకి ఎక్కిందంటే తర్వాత ఎన్ని రోజులు పూలు తాగించినా వదలదు. అందుకే చేతి దగ్గరే తడిగుడ్డ పెట్టుకుని, డేగ్ ఒళ్లు తుడిచి వేడి తగ్గిస్తాడు. తొట్టిలో నీళ్లు వేడెక్కినా చేటే. ఆవిరి చల్లబడక అతుకుల సందుల్లోంచి బయటికి పోతుంది. బట్టీ దగ్గర ఘుమఘుమలాడుతోందంటే చూసేవాళ్లకి సంతోషం, చేసేవాళ్లకి బెంగ. మెత్తిన మట్టి ఎక్కడో బీట ఇచ్చిందని అర్థం.

అంతా అయ్యాక అత్తరుని తోలు కుప్పీల్లో పోసి ఎండలో పెట్టేవారు. తోలు గుండా తేమ బయటికి పోతుంది, నూనె నిలుస్తుంది. ఈ మెట్టు సరిగ్గా జరగని అత్తరు చూడ్డానికి మబ్బుగా ఉంటుంది, కొన్నాళ్లకి పులిసిన వాసన వేస్తుంది. గాజు సీసాలో పెట్టి ఎండబెడితే ఆ పని జరగదు. తేమ పోవడానికి దారి లేదు, పైగా వెలుతురుకి రంగు, వాసన రెండూ చెడతాయి.

ఇంతకీ గంధమే ఎందుకు? గంధపు నూనెలోని శాంటలాల్ అణువులు బరువైనవి, నెమ్మదిగా ఆవిరవుతాయి. తమలో కరిగిన తేలికపాటి పూల వాసనల్ని తొందరగా పోనివ్వవు. పైగా గంధం సొంత వాసన ఎప్పుడూ పూల వాసనని తోసుకుని ముందుకు రాదు. సానరాయి మీద నీళ్లు చిలకరించి గంధపు చెక్కని అరగదీసినవాళ్లకి ఆ వాసన చెప్పక్కర్లేదు. మొదట పచ్చి చెక్క, తర్వాత కాచిన పాల మీగడ, ఆ తర్వాత ఎక్కడో అడుగున సన్నటి పులుపు. మంచి నూనెలో ఆల్ఫా శాంటలాల్ 41 నుంచి 55 శాతం, బీటా శాంటలాల్ 16 నుంచి 24 శాతం ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం.

మన దగ్గర చాలామంది పొరబడే మాట ఒకటి ఇక్కడే చెప్పాలి. శేషాచలం కొండల్లోని ఎర్రచందనం ఈ గంధం కాదు. దాని విలువ రంగులో, చేవలో ఉంది. అత్తరుకి పనికొచ్చే సువాసన అందులో లేదు. "ఎర్రచందనం అత్తరు" అని ఎవరైనా అమ్మితే అందులో వాసన వేరే చోటి నుంచి వచ్చిందే.

గంధపు చెట్టు చేవ కట్టడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. ఇంకో చెట్టు వేళ్లలోంచి పోషణ పీల్చుకుని బతికే చెట్టది, ఒంటరిగా పాతితే సరిగా ఎదగదు. దొంగ నరుకుళ్లతో అడవుల్లో చెట్లు తగ్గిపోయాయి, నూనె ధర అందకుండా పోయింది. కన్నౌజ్ బట్టీల్లో చాలావాటిలో భప్కాలోకి గంధానికి బదులు లిక్విడ్ పారఫిన్, థాలేట్ లాంటి రసాయన ద్రవాలు వచ్చాయి. పూలు అవే, డేగ్ అదే, పనివాడి చెయ్యీ అదే. సీసా మూత తీయగానే వచ్చే గుబాళింపూ దాదాపు అదే. తేడా మర్నాడు తెలుస్తుంది. పారఫిన్‌కి వాసన లేదు కాబట్టి పువ్వు వెళ్లిపోయాక దూదిలో ఉత్త జిడ్డు మిగులుతుంది. పెట్టె వాసన పోయింది అక్కడే.

అడుగున ఏముందో ఇంట్లోనే కొంతవరకు తేల్చుకోవచ్చు. తెల్లటి ఫిల్టరు కాగితం మీద ఒక చుక్క వేసి గాలి ఆడేచోట వారం రోజులు వదిలెయ్యండి. పారఫిన్ ఉంటే పకోడీల పొట్లానికి అంటినట్టు మరక అలాగే, వాసన లేకుండా నిలుస్తుంది. గంధం మరక కూడా చాలా రోజులుంటుంది, కానీ ముక్కు దగ్గర పెడితే మరకలోంచే కమ్మటి వాసన వస్తూ ఉంటుంది. రెండో పరీక్షకి 70 శాతం ఇథైల్ ఆల్కహాల్ కావాలి. అచ్చమైన గంధపు నూనె ఒక వంతుకి ఐదు వంతుల ఆల్కహాల్ పోసి 20 డిగ్రీల దగ్గర కలిపితే తేటగా కరిగిపోతుంది. పారఫిన్ కరగదు, పాలలా తెల్లబారి పైన చుక్కలు తేలతాయి. థాలేట్‌ని ఈ పరీక్ష పట్టుకోలేకపోవచ్చు. దాన్ని పట్టుకోవాలంటే ప్రయోగశాలలో గ్యాస్ క్రొమటోగ్రఫీ అనే పరీక్ష చేయించాల్సిందే.

ఇక ఒక్కో అత్తరు ముక్కుకి ఎలా తగులుతుందో చూద్దాం. గులాబీ మొదటి ఐదు నిమిషాలు పచ్చిగా ఉంటుంది. తొడిమ వాసన, మిరియం, కాస్త నిమ్మతొక్క. గులాబీ అంటే తియ్యగా ఉండాలనుకునేవాళ్లు ఇక్కడే మొహం తిప్పేసి సీసా పక్కన పెట్టేస్తారు. పావుగంట ఆగితే తేనె వస్తుంది, రెండు గంటలకి గంధం వచ్చి చేరుతుంది. మొదటి క్షణం నుంచే మిఠాయిలా తియ్యగా ఉండి, గంటైనా అక్కడే నిలబడితే అది బట్టీలో పుట్టింది కాదు. గంధం లేకుండా తీసిన అచ్చమైన గులాబీ నూనెని రూహ్ గులాబ్ అంటారు. కిలో నూనెకి మూడు నాలుగు టన్నుల పూలు కావాలి. అందులో సహజంగా మైనం ఉంటుంది కనుక చలికి గడ్డకడుతుంది, అరచేతి వెచ్చదనానికి మళ్లీ కరుగుతుంది. ఈ నూనెని తన రోజుల్లోనే కనిపెట్టారని జహంగీరు ఆత్మకథలో రాసుకున్నాడు. నూర్జహాన్ తల్లి అస్మత్ బేగం పన్నీరు చేయిస్తుంటే, వేడి పన్నీరు పోసిన పళ్లేల్లో పైన తెట్టు కట్టిందట. దాన్ని కొంచెం కొంచెంగా పోగు చేశారు. అక్బరు భార్య సలీమా సుల్తాన్ బేగం దానికి పాదుషా జహంగీరు పేరే పెట్టింది.

మొగలి మనకి దగ్గరిది. ఇచ్ఛాపురం దాటితే వచ్చే ఒడిశాలోని గంజాం జిల్లా దీనికి పుట్టిల్లు. మొగలిరేకు జడలో కుట్టినవాళ్లకీ, పెట్టెలో బట్టల మధ్య పెట్టినవాళ్లకీ ఈ వాసన ఎప్పటికీ కొత్త కాదు. అత్తరుకి పనికొచ్చేది మగపువ్వే. మొదటి పోటు సూదిలా ఉంటుంది, నేరుగా నుదుటికి ఎక్కుతుంది. అర చుక్క చాలు. ఒక చుక్క పెడితే ఎండాకాలం ఆటోలో పక్కవాళ్లకి తలనొప్పి. బిర్యానీలో చల్లే కేవ్డా జలం కూడా ఇదే పువ్వుది. కిలో బియ్యానికి టీస్పూను దాటితే దమ్ తీయగానే సబ్బు వాసన కొడుతుంది.

వట్టివేరు అత్తరు వేసవికి. కిటికీలకి కట్టిన తడికల మీద నీళ్లు చల్లినప్పుడు, కుండలో వేసిన వేళ్ల కట్ట మీంచి నీళ్లు ముంచినప్పుడు వచ్చేదే ఆ వాసన. తడి మట్టి, వేరుశనగ తొక్క, సాయంత్రానికి సన్నటి పొగ. రాగి డేగ్‌లో తీసిన రూహ్ ఖస్ ఆకుపచ్చగా ఉంటుంది. నూనెలోని ఆమ్లాలు రాగిని పట్టుకోవడం వల్ల వచ్చిన రంగది. స్టీలు పాత్రలో తీస్తే తేనెరంగులో ఉంటుంది. ఆకుపచ్చ కనిపించగానే మంచిదని కొనెయ్యకండి, రంగు కలపడం కష్టమేమీ కాదు. తెల్లచొక్కా మీద మాత్రం అసలుదైనా నకిలీదైనా మరక ఒకటే.

మట్టి అత్తరులో పువ్వే ఉండదు. కాల్చిన మట్టి పెంకుల్ని డేగ్‌లో వేసి గంధంలోకి దింపుతారు. ఇసబెల్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు తొలకరి వాసనకి 1964లో పెట్రికోర్ అని పేరు పెట్టారు. వాళ్ల పరిశోధనా పత్రంలో కన్నౌజ్ మట్టి అత్తరు ప్రస్తావన కూడా ఉంది. బట్టీవాళ్లు అప్పటికే ఆ వాసనని సీసాలో పట్టేశారన్నమాట. ముంజేతి మీద పెట్టగానే కొత్తకుండలో మొదటిసారి నీళ్లు పోసిన వాసన. అరగంటకి అది ఎండిన వీధిలా పలచనవుతుంది. ఒక జాగ్రత్త: చవక రకాల్లో జియోస్మిన్ అనే వాసనపదార్థం పోసి వదిలేస్తారు. పచ్చి బీట్‌రూట్ దుంప కోసిన వాసన వస్తే అదే.

హీనా అంటే గోరింట పూల అత్తరని అనుకుంటాం. గోరింట పూలతో చేసేదీ ఉంది, దాని పేరు గుల్-హీనా. చలికాలంలో వాడే నల్లటి చిక్కటి హీనా, దాని పెద్దక్క శమామా వేరు. వాటిలో జటామాంసి, జాపత్రి, జాజికాయ, లవంగం, ఏలకులు, నాగకేసరాలు, గంధకచ్చూరాలు, కుంకుమపువ్వు ఇలా పచారీకొట్టే దిగుతుంది. హైదరాబాదు వంటల్లో వేసే రాతిపువ్వు కూడా అందులో ఉంటుంది. అడవిలో తడి బెరడు వాసన దానిదే. ఒక్కో తయారీదారుకి ఒక్కో పాళ్లు, బయటికి చెప్పరు. రెండేళ్లు మూలన పెడితే మసాలా ఘాటు తగ్గి మెత్తబడుతుంది. కొత్త సీసా నచ్చకపోతే పారెయ్యకండి.

ఊద్ అంటే అగరు అత్తరు. దాని గురించి ఒక్క మాట. అస్సాం అగరు చెక్కకి బూజు సోకితేనే ఆ వాసన ఉండే జిగురు అందులో పుడుతుంది. బట్టీ పెట్టే ముందు చెక్కముక్కల్ని రోజుల తరబడి నీళ్లలో నానేస్తారు కాబట్టి మొదటి పావుగంట పశువులపాక, తోలు, పులిసిన వాసనలే వస్తాయి. హైదరాబాద్ బార్కస్‌లో, యెమెన్ నుంచి వచ్చి స్థిరపడిన హద్రమీ అరబ్బుల ఇళ్లలో పెరిగినవాళ్లకి ఆ పశువులపాకే ఇల్లు. మిగతావాళ్లు దుకాణంలో వెంటనే తీర్పు చెప్పకుండా ఒక గంట ఆగండి. ఎండుద్రాక్ష, పొగ, నెయ్యి వస్తాయి.

మల్లె దగ్గర మాత్రం ఆశ తగ్గించుకోవాలి. మల్లె కోశాక కూడా రాత్రంతా వాసన పుట్టిస్తూనే ఉంటుంది. డేగ్‌లో ఉడికిస్తే ఆ పుట్టుక అక్కడితో ఆగిపోతుంది, సున్నితమైనవి పాడవుతాయి. అందుకే పాతకాలంలో కడిగిన నువ్వుల పొరల మధ్య పూలు పరిచి, వాడినవి తీసి కొత్తవి పరుస్తూ, వాసన పట్టిన నువ్వుల్ని గానుగాడేవారు. ఇప్పటి చవక మల్లె అత్తరులో మగ్గిన అరటిపండు వాసన వస్తుంది. అందులో ఎక్కువగా పోసిన బెంజైల్ ఎసిటేట్‌ది అది. ఒక్క సీసాతో సరిపెట్టుకోవాలంటే మజ్మువా కొనుక్కోండి. వట్టివేరు, మొగలి, మట్టి, కదంబం కలిపినది. వేసవికీ వానకీ పనికొస్తుంది.

కొనేటప్పుడు ఒక పూటకి మూడు, మహా అయితే నాలుగు చూడండి. ఐదోదానికి ముక్కు మొద్దుబారుతుంది. కాఫీగింజలు వాసన చూడమంటారు, దానికంటే ఉతికిన సొంత చొక్కా చేతిలో ముక్కు పెట్టి నాలుగు ఊపిర్లు పీల్చడం మేలు. ముంజేతికి పెట్టాక మణికట్లు రెండూ కలిపి రుద్దకండి, మొదట రావాల్సిన తేలిక వాసనలు ఆ వేడికి తొందరగా పోతాయి. డబ్బులివ్వకుండా బయటికొచ్చి, టీ తాగి, గంటాగి మళ్లీ చూడండి. కుదిరితే మర్నాడు పొద్దున. బర్గమాట్ అనే నిమ్మజాతి పండు నూనె కలిసిన అత్తర్లు చర్మానికి పెట్టుకుని ఎండలోకి వెళ్తే నల్లమచ్చలు పడతాయి. వాటిని దూదికే పరిమితం చెయ్యండి.

ఇంట్లో అమ్మమ్మల కాలం నాటి సీసా ఉండి, గాజు బిరడా బిగుసుకుపోయి ఉంటే మంట దగ్గర పెట్టకండి, పట్టకారు వాడకండి. అతుకు చుట్టూ ఒక చుక్క నూనె వేసి రాత్రంతా ఉంచండి. పొద్దున మెడ వరకే గోరువెచ్చటి నీళ్లలో రెండు నిమిషాలు ముంచి, చెక్క గరిటె కాడతో అటూ ఇటూ మెల్లగా తట్టి తిప్పండి. రాకపోతే మళ్లీ మర్నాడు. బలం పెడితే విరిగేది సీసా మెడే.

లోపల అడుగున నల్లగా, జిగురులా పేరుకున్నది చెడిపోయిందనుకుని కడిగెయ్యకండి. మంచి గంధపు నూనె మూడు నాలుగు చుక్కలు వేసి, మూత పెట్టి, వెచ్చటి గదిలో రెండు రోజులు వదిలి, అప్పుడప్పుడూ సీసాని పక్కకి ఒరిగించి తిప్పండి. తర్వాత దూదికి అద్దితే మొదట వచ్చేది పులుపు, గాలి తగిలి పాడైన పై వాసన. దానికి భయపడక్కర్లేదు. దూదిని కాగితంలో వదులుగా చుట్టి ఇనప పెట్టెలో పెట్టి, మూత వేసి, నాలుగో రోజు తెరవండి.